తేదీతో సహా

చీమకుర్తిలో పొదిలి రోడ్డు పక్కనున్న ఎక్స్‌రే సెంటర్‌లో కౌసర్ తొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. ఆ తొమ్మిదేళ్లలో ఆమె చూడని ఎముక లేదు. క్వారీలో రాయి జారి నుజ్జయిన పాదాలు, క్రేన్ గొలుసు తెగి విరిగిన జబ్బలు, లారీ తలుపులో నలిగిన వేళ్లు. "గాలి పీల్చి బిగబట్టండి" అని రోజుకు నలభై యాభైసార్లు అంటుంది. ఒడిశా నుంచి వచ్చిన కూలీలకు తెలుగు రాకపోతే తానే పీల్చి, బిగబట్టి చూపిస్తుంది. ఫొటో తీయడం వరకే ఆమె పని. దాన్ని చదివి రిపోర్టు రాయడం వేరేవాళ్ల పని. ఆ గీత ఎవరు గీశారో గానీ, దాన్ని దాటకుండానే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చింది.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం మధ్యాహ్నం హుస్సేన్ సాహెబ్ వచ్చాడు. సెంటర్‌కు మెట్లు అయిదే. ఆ అయిదు మెట్లకు ఆయన రెండుసార్లు ఆగాడు. ఆయన ఆగినప్పుడల్లా వెనకాల భార్య మాబూబీ కూడా ఆగింది. గ్రానైట్ కటింగ్ యూనిట్‌లో పద్నాలుగేళ్లు మెషీన్ మీద నిలబడ్డ మనిషి ఆయన. వయసు నలభై ఆరు. చూసినవాళ్లు అరవై దాటాయనుకుంటారు.

"అమ్మాయ్, రెండేళ్ల కిందట మా యూనిట్‌వాళ్లు క్యాంపు పెట్టారు గదా. అందరికీ ఛాతీ ఫొటోలు తీశావు. మా ఆయనదీ తీశావు. గుర్తుందా?" అంది మాబూబీ.

"గుర్తుందక్కా."

"అప్పుడు అంతా బాగుందని కాయితం ఇచ్చారు. ఇప్పుడేమో ఈయన నాలుగడుగులు వేయలేకపోతున్నాడు. గుంటూరు తీసుకుపోయి బ్రాడీపేటలో గురునాథం డాక్టరు గారికి చూపించాం. ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము గూడు కట్టుకుందన్నారు. యూనిట్‌కు పోయి అడిగితే, పని మానేశాక బీడీలు తాగి తెచ్చుకున్న జబ్బుకి మాదా పూచీ అన్నారు. ఈ మనిషి జన్మలో బీడీ ముట్టలేదు. డాక్టరు గారేమో, అప్పటి ఫొటో ఉంటే తెండమ్మా, అందులోనే జబ్బు కనబడితే ఇంక వాళ్లు మాట్లాడలేరన్నారు."

క్యాంపు రోజు కౌసర్‌కు బాగా గుర్తుంది. అరవై ముగ్గురు మగవాళ్లు చొక్కాలు విప్పి వరసలో నిలబడ్డారు. ఏడెనిమిది మంది అయ్యేసరికే ఆమెకు అనుమానం వచ్చింది. తెర మీద నల్లగా ఉండాల్సిన చోట తెల్లటి చుక్కలు, బొంబాయి రవ్వ చల్లినట్టు. ఒకరికి కాదు, ఇద్దరికి కాదు. మేనేజర్ త్రినాథ్ గదిలోకి వెళ్లి చెప్పింది. "మన పని ఫొటో తీయడం వరకేనమ్మా. చదవడానికి వాళ్ల డాక్టరున్నాడు" అన్నాడాయన. నాలుగు రోజుల తర్వాత అరవై మూడు కాగితాలు వచ్చాయి. అన్నింటిలోనూ ఒకటే వాక్యం, ఊపిరితిత్తులు మామూలుగా ఉన్నాయని. వాటిని కవర్లలో పెట్టి అతికించింది కౌసరే.

"అన్నా," అంది హుస్సేన్ సాహెబ్‌తో. "ఆ ఫొటోల్లో నాకు అప్పుడే కనబడింది. మీకు చెప్పలేదు."

ఆయన తలెత్తి చూశాడు. మాబూబీ అందుకుంది. "చెప్పుంటే రెండేళ్ల ముందే పని మాన్పించేదాన్ని."

కౌసర్ లేచి లోపలి గదిలోకి వెళ్లింది.

లోపలి గదిలో పాత కంప్యూటర్ ఉంది. కొత్త ఎక్స్‌రే మెషీన్ వచ్చాక దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. ఫొటోలు చూపించే ప్రోగ్రామ్ తెరుచుకోవడం మానేసి ఏడాదైంది. మౌస్‌తో ఎంత నొక్కినా ఏదీ కనబడదు కాబట్టి అందులో ఏమీ లేదనే అందరూ అనుకుంటారు. ఉందని కౌసర్‌కు తెలుసు. దాన్ని బిగించడానికి గుంటూరు నుంచి వచ్చిన ఇంజనీరు ఆత్రేయ, వారం వారం బ్యాకప్ తీయడం ఆమెకు నేర్పించాడు. నల్ల తెర తెరిచి, మాటలు టైపు చేసి మెషీన్‌కు చెప్పడం. cp అంటే కాపీ చేయమని. ఆ తర్వాత ఏది కావాలో, ఎక్కడికి పోవాలో చెప్పాలి. ఫోల్డర్ మొత్తం కావాలంటే మధ్యలో -r అని పెట్టాలి. "సంచీలో సంచులున్నా వదలకుండా అన్నీ ఎత్తుకొస్తుంది మేడం" అన్నాడు ఆత్రేయ అప్పట్లో.

త్రినాథ్ భోజనానికి వెళ్లాడు. హుస్సేన్ సాహెబ్ క్యాంపు టోకెన్ ఇరవై ఏడు. కౌసర్ నల్ల తెర తెరిచి క్యాంపు ఫోల్డర్‌లోకి వెళ్లింది. అరవై మూడు అంకెలు వరసగా వచ్చాయి. ఇరవై ఏడును cp -r తో పెన్‌డ్రైవ్‌లోకి పంపింది. పెన్‌డ్రైవ్ పీకి, చున్నీ చాటున తెచ్చి మాబూబీ సంచీలో వేసింది.

"నేనిచ్చానని ఎక్కడా అనకండక్కా."

నష్టపరిహారం కోసం హుస్సేన్ సాహెబ్ పెట్టుకున్న అర్జీ మీద తర్వాతి సోమవారం ఒంగోలు లేబర్ ఆఫీసులో విచారణ జరిగింది. యూనిట్ తరఫు లాయరు ఆ పెన్‌డ్రైవ్‌ను ఆఫీసరు గారి కంప్యూటర్‌లోనే తెరిపించాడు. ఫొటో జోలికి పోనేలేదు. ఫైలు వివరాలు తెరిచి వేలుపెట్టి చూపించాడు.

"చూడండి సార్, ఫైలు తేదీ. పోయిన మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై. రెండేళ్ల కిందటి ఫొటో అంట! మొన్న తీయించుకున్నదానికే పాతదని పేరుపెట్టి తెచ్చారు."

ఆ పాత ఎక్స్‌రే మెషీన్ ఫొటో మీద తేదీ అచ్చువేయదు. టోకెన్ అంకె ఒక్కటే వేస్తుంది. ఫైలుకున్న తేదీ తప్ప వేరే ఆధారం లేదు. ఎవరిచ్చారని అడిగితే మాబూబీ నోరు మెదపలేకపోయింది. ఆఫీసరు మంచివాడే. "అసలు తేదీ ఉన్నది తెచ్చుకోండమ్మా. వచ్చే సోమవారం దాకా టైమిస్తున్నాను" అన్నాడు.

బయటికి రాగానే మాబూబీ కౌసర్‌కు ఫోన్ చేసింది. "ఏం చేశావమ్మాయ్ నువ్వు? మమ్మల్ని నలుగురిలో దొంగల్ని చేశారు."

కౌసర్ పాత కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తింది. ls -l అని కొడితే ఒక్కో ఫైలు తేదీ పక్కనే కనబడుతుంది. ఇరవై ఏడులో ఉన్న ఫొటో తేదీ రెండేళ్ల కిందటి నవంబర్ పద్దెనిమిది. చెక్కు చెదరలేదు. అదే ఫొటోను పక్క ఫోల్డర్‌లోకి కాపీ చేసి చూసింది. కాపీ మీద ఇవాళ్టి తేదీ పడింది. బ్రాడీపేటలో ఉన్న ఆత్రేయకు ఫోన్ చేసింది.

"ఉత్త cp కొడితే అంతే మేడం. కాపీ అంటే కొత్త ఫైలు పుట్టినట్టే గదా, పుట్టినరోజు ఇవాళే అవుతుంది. -r బదులు -a అని పెట్టండి. ఫోల్డర్లూ, ఫైళ్లూ, తేదీతో సహా ఉన్నవి ఉన్నట్టు పోతాయి."

"అప్పుడే ఎందుకు చెప్పలేదండీ?"

"బ్యాకప్‌కి తేదీ ఎవరు చూస్తారులే అనుకున్నాను. నాదే పొరపాటు. ఇంకోటి కూడా రాసుకోండి. కాపీ సరిగ్గా వచ్చిందో లేదో చూడాలంటే diff -r అని రెండు ఫోల్డర్ల పేర్లూ ఇవ్వండి. తేడా ఉంటే ఎక్కడుందో చెబుతుంది. లేకపోతే ఏమీ మాట్లాడదు."

సాయంత్రం త్రినాథ్ ఆమెను గదిలోకి పిలిచాడు. యూనిట్ యజమానీ, ఈ సెంటర్ యజమానీ తోడల్లుళ్లు. ఒంగోలులో జరిగింది మధ్యాహ్నానికే చీమకుర్తి చేరింది.

"ఏమ్మా కౌసర్, సెంటర్ సొత్తు బయటికి పోయిందంట. ఎవరు పంపారో నేను అడగను, నువ్వూ చెప్పకు. పాత కంప్యూటర్ ఆదివారం స్క్రాప్‌కు పోతోంది. అప్పటిదాకా ఆ గది వైపు వెళ్లకు. వెళితే నీ ఉద్యోగం నేను కాపాడలేను."

బెదిరింపు కన్నా ఆ మెత్తదనమే కౌసర్‌కు కారం రాసినట్టనిపించింది. రేపు ఆయన భోజనానికి వెళ్లినప్పుడు రెండు నిమిషాల్లో మళ్లీ కాపీ చేసి ఇచ్చేయొచ్చు. ఈసారి తేదీ కూడా సరిగ్గా వస్తుంది. కానీ ఆలోచించినకొద్దీ ఆమెకు ఒకటి తెలిసొచ్చింది. తను చున్నీ చాటున ఇచ్చింది కాబట్టే అది దొంగసొమ్ములా కనబడింది. ఎవరిచ్చారంటే చెప్పలేని వస్తువుకు ఎంత పాత తేదీ ఉంటే మాత్రం ఏం లాభం? ఆ ఊపిరితిత్తులు ఆయనవి. ఆ ఫొటో ఆయనది. చాటుగా ఇవ్వడం దేనికి?

బయట కౌంటర్ పక్కన గోడకు ఒక బోర్డు ఉంది. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు అడిగితే పెట్టారు. రోగి హక్కులని పైన, వరసగా అంశాలు కింద. తొమ్మిదేళ్లుగా దాని దుమ్ము దులుపుతోంది గానీ చదవలేదు. ఆ సాయంత్రం నిలబడి చదివింది. తన రికార్డుల కాపీ కోరి తీసుకునే హక్కు రోగికి ఉందని నాలుగో వరసలో ఉంది. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకుని నేరుగా మాబూబీ ఇంటికి వెళ్లింది.

"అక్కా, ఒక్క అన్నది కాదు. క్యాంపులో తీయించుకున్నవాళ్లు ఎవరడిగితే వాళ్లది వాళ్లకిస్తాను. పట్టపగలు, త్రినాథ్ గారి ఎదుట. అడిగినట్టు సంతకంతో కాయితం కావాలి, అంతే."

మాబూబీ ఆమెను ఎగాదిగా చూసింది. "ఈసారి నువ్విచ్చావని చెప్పొచ్చా?"

"చెప్పక్కా. నా పేరు కూడా రాసుకో."

మంగళ, బుధ, గురువారాలు మూడు రోజులూ మాబూబీ కాగితాలు పట్టుకుని కూలీల రేకుల షెడ్లన్నీ తిరిగింది. కొందరు ఊళ్లకు వెళ్లిపోయారు. కొందరు ఆమెను చూసి తలుపేసుకున్నారు. గౌస్ బాషా అనే కటింగ్ మేస్త్రీ కాగితం తిప్పి తిప్పి చూసి, "సంతకం పెడితే రేపు పనికి రానివ్వరు పిన్నీ" అన్నాడు.

"పెట్టకపోతే ఎల్లుండి నువ్వే పోలేవు. మా ఇంటికొచ్చి మీ బాబాయ్‌ని చూడు, ఎట్లా ఉంటుందో" అంది మాబూబీ.

గౌస్ బాషా సంతకం పెట్టాడు. పెట్టినవాడు ఊరుకోకుండా తన షెడ్డులో ఉన్న నలుగురి చేతా పెట్టించాడు. గురువారం సాయంత్రానికి పందొమ్మిది కాగితాలయ్యాయి.

శుక్రవారం ఉదయం పది గంటలకు సెంటర్ మెట్ల మీద చోటు లేదు. వేలిముద్ర వేసినవాళ్లు, సంతకం పెట్టినవాళ్లు, రాలేనివాళ్ల బదులు భార్యలు. తలా ఒక పెన్‌డ్రైవ్. హుస్సేన్ సాహెబ్‌ను కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు ఎత్తుకొచ్చారు. కౌసర్ పందొమ్మిది కాగితాలూ త్రినాథ్ బల్ల మీద పెట్టింది.

"ఏంటిది?"

"వాళ్ల ఫొటోలు వాళ్లు అడుగుతున్నారు సార్. అందినట్టు ముద్రవేసి ఇవ్వండి."

"ఆ మెషీన్‌లో ఏం లేవని చెప్పు."

"ఉన్నాయి సార్. నేను చూశాను."

త్రినాథ్ గొంతు తగ్గించాడు. "కౌసర్, నీకు ఇద్దరు ఆడపిల్లలు. ఆలోచించుకో."

"ఆలోచించే వచ్చాను సార్. రేపు ఆ పిల్లలు ఎక్కడైనా పనికి చేరితే, మీ అమ్మలా నోరుమూసుకుని కవర్లు అతికించుకోండని చెప్పలేను. ముద్ర వేస్తారా, వేయలేదని రాసుకోమంటారా?"

ఆయన వేయలేదు. కౌసర్ ప్రతి కాగితం మీదా 'ముద్ర నిరాకరించారు' అని రాసి, తేదీ వేసి, తన సంతకం చేసింది. తర్వాత లోపలి గదిలోకి నడిచింది. తలుపు బార్లా తీసి కంప్యూటర్ ఆన్ చేసింది.

త్రినాథ్ స్విచ్‌బోర్డు వైపు విసురుగా వచ్చాడు. మెయిన్ కట్టేస్తే మెషీన్ అక్కడికక్కడే ఆగిపోతుంది. కానీ అప్పటికే మాబూబీ ఒక స్టూలు లాక్కుని సరిగ్గా స్విచ్‌బోర్డు కింద గోడకు వీపానించి కూర్చుంది. తల వెనకాలే మెయిన్ స్విచ్.

"లేవమ్మా అక్కణ్ణుంచి."

"లేవను. కట్టేయాలంటే ముందు నన్ను లాగాలి. లాగు నాయనా, అందరూ చూస్తున్నారు."

త్రినాథ్ అక్కడే నిలబడి యజమానికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టాడు. పోలీసులను పంపిస్తున్నానని ఫోన్లోంచి అరుపు వినబడింది.

"పంపండి సార్," అంది కౌసర్, తెర మీంచి చూపు తిప్పకుండా. "ఈ తేదీలు వాళ్లక్కూడా చూపిస్తాను."

ముందు ls -l కొట్టి కుర్చీ పక్కకు జరిగింది. అందరూ ఒక్కొక్కరే వచ్చి వంగి చూశారు. చదువు రానివాళ్లకు అంకెలు చదివి వినిపించింది. నవంబర్ పద్దెనిమిది, నవంబర్ పద్దెనిమిది. తర్వాత మొదలుపెట్టింది. ఒక్కో పెన్‌డ్రైవ్ గుచ్చడం, cp -a కొట్టడం, ఫోల్డర్ పేరు ఇవ్వడం. కాపీ అయ్యాక diff -r. ప్రతిసారీ తెర ఏమీ అనకుండా కొత్త వరసలోకి వెళ్లింది.

"ఏం రాలేదేంటి? పాడైందా?" అన్నాడు గౌస్ బాషా కంగారుగా.

"తేడా ఉంటేనే మాట్లాడుద్ది. లేదు కాబట్టి ఊరుకుంది."

మొదటిది హుస్సేన్ సాహెబ్‌కు ఇచ్చింది. టోకెన్ అంకెతో కాకుండా పేరుపెట్టి పిలిచి మరీ ఇచ్చింది. ఆ తర్వాత ఒక్కొక్కరినీ అలాగే పిలిచింది. ప్రతి ఒక్కరికీ ఒకటే మాట చెప్పింది. "దీన్ని దాచుకోవద్దు. ఈ వారంలోనే ఛాతీ డాక్టరుకు చూపించండి. ఆలస్యం చేయొద్దు." పదకొండో మనిషి దగ్గరికి వచ్చేసరికి గొంతు బొంగురుపోయింది. అయినా ఆ మాట వదల్లేదు.

పందొమ్మిదీ అయిపోయాయి. గౌస్ బాషా ఉత్సాహంగా, "మిగతావాళ్లవి కూడా ఎత్తేయక్కా! ఎట్లాగూ స్క్రాప్‌కేగా" అన్నాడు.

"ఎత్తను. వాళ్లు అడగలేదు. అడగనివాళ్లది నువ్వు పట్టుకుపోయినా తప్పే, ఓనర్ పారేసినా తప్పే. పారేయనివ్వను కూడా." అప్పటికే రాసి పెట్టుకున్న ఉత్తరం తీసింది. లేబర్ ఆఫీసరు గారికి. ఈ మెషీన్‌లో ఇంకా నలభై నాలుగు మంది ఫొటోలు ఉన్నాయని, ఆదివారం దీన్ని స్క్రాప్‌కు పంపబోతున్నారని, ఆపమని. కింద తన పేరు, ఉద్యోగం, తొమ్మిదేళ్ల సర్వీసు.

పోలీసులు రాలేదు. పిలిస్తే ఏమని ఫిర్యాదు ఇవ్వాలో యజమానికి కూడా తోచినట్టు లేదు. త్రినాథ్ గుమ్మంలో నిలబడి, "రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు.

"సరే సార్. సోమవారం కనబడాలంటే లేబర్ ఆఫీసుకు రండి" అంటూ కౌసర్ మెడలోని ఐడీ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. మాబూబీ చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. ఇద్దరూ ఒంగోలు బస్సెక్కి, మూడు గంటలకల్లా ఆ ఉత్తరం ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నారు. విచారణ అయ్యేదాకా మెషీన్‌ను కదిలించొద్దని ఆఫీసరు అప్పటికప్పుడే సెంటర్‌కు ఫోన్ చేసి చెప్పాడు.

సోమవారం విచారణలో లాయరు మాట మార్చాడు. తేదీలదేముంది, ఎవరైనా మార్చొచ్చన్నాడు. కౌసర్ లేచింది. "మార్చొచ్చు సార్. అందుకే అసలు మెషీన్ తెప్పించమంటున్నాను. ఏదైనా మార్చి ఉంటే అందులో బయటపడుద్ది గదా. తెప్పించడానికి మీకేమైనా అభ్యంతరమా?"

లాయరు ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు లాయరు వైపు చూసి, మెషీన్‌ను స్వాధీనం చేసుకోమని అక్కడే ఆర్డరు రాయించాడు. మర్నాడు వచ్చి సీలు వేసి తీసుకెళ్లారు. అందులోనూ అవే తేదీలున్నాయి.

గురునాథం డాక్టరు గారు పందొమ్మిది ఫొటోలూ చూశారు. పదమూడింటిలో జబ్బు అప్పటికే ఉంది. హుస్సేన్ సాహెబ్ కేసు, పనిలో వచ్చిన జబ్బుగా విచారణకు తీసుకున్నారు. యూనిట్‌వాళ్లు పైకోర్టుకు వెళ్లారు. వాయిదాలు పడుతున్నాయి. గౌస్ బాషాను పనిలోంచి తీసేశారు. ఇప్పుడతను కూడా ఒక కేసు వేశాడు. తలుపేసుకున్న షెడ్ల నుంచి మరో పన్నెండు మంది వచ్చి లేబర్ ఆఫీసులో కాగితాలు ఇచ్చారు. హుస్సేన్ సాహెబ్ ఊపిరి మాత్రం తిరిగి రాలేదు. అది తిరిగి రాదని డాక్టరు గారు మొదటిరోజే చెప్పారు. కౌసర్‌కు రెండు నెలలు పని దొరకలేదు. ఆ తర్వాత ఒంగోలులో ఒక చిన్న ఆసుపత్రివాళ్లు తీసుకున్నారు.

మే నెలలో ఒక ఉదయం మాబూబీ హుస్సేన్ సాహెబ్‌ను గుంటూరు తీసుకెళ్తుంటే కౌసర్ సెలవు పెట్టి వాళ్లతో పాటు బస్సెక్కింది. చిలకలూరిపేట దాటాక రోడ్డు పక్కన కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఘాటు కిటికీల్లోంచి లోపలికి కొట్టింది. మాబూబీ తువ్వాలు తడిపి మొగుడి ముక్కుకు అడ్డం పెట్టింది. అయినా దగ్గు ఆగలేదు. బస్సంతా తిరిగి చూసింది. ముందు సీట్లో ఒకాయన ముక్కుకు జేబురుమాలు పెట్టుకుని కండక్టర్‌ను పిలిచాడు.

"టీబీ మనిషిని ఎక్కించావేంటయ్యా? దింపేయ్ ముందు."

కండక్టర్ వచ్చి నసుగుతూ నిలబడ్డాడు. "అమ్మా, మరి... వెనకాల బస్సుంది..."

మాబూబీ నోరు తెరిచేలోపే కౌసర్ లేచి, సీటు కమ్మీ పట్టుకుని బస్సంతటికీ వినబడేలా అంది.

"ఇది అంటుకునే జబ్బు కాదు. మీ ఇళ్లలో పరుచుకున్న నున్నటి రాయి కోస్తే లేచిన దుమ్ము. ఈయన ఎక్కడా దిగడు, గుంటూరు దాకా వస్తాడు. దింపాల్సినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు ఈ బస్సులెక్కరు."